ఫ్లాష్ పోయాక రికార్డ్ బటన్: వెబ్ పేజీలో గొంతు, వీడియో రికార్డింగ్‌ను పాత పద్ధతి నుంచి కొత్తదానికి మార్చడం ఎలా

విదేశాల్లో పెరుగుతున్న మన పిల్లలకు వేమన పద్యాలు, సుమతీ శతకం నేర్పే చిన్న సైటు ఒకటి ఉండేది. పిల్లలు పద్యం చదివి రికార్డు చేసి పంపితే మాస్టారు విని తప్పులు దిద్దేవారు. 2021 జనవరిలో ఆ పేజీ తెరిస్తే రికార్డ్ బటన్ ఉండాల్సిన చోట బూడిద రంగు పెట్టె ఒకటి కనబడింది. ఆ బటన్ నడిచేది ఫ్లాష్ అనే ప్లగిన్ మీద, అంటే బ్రౌజర్‌కు విడిగా తగిలించుకునే ప్రోగ్రాం మీద. దానికి అడోబీ 2020 డిసెంబర్ 31తో సపోర్ట్ ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయరే ఫ్లాష్ కంటెంట్‌ను అడ్డుకోవడం మొదలుపెట్టింది. పేజీని మళ్ళీ నడిపించమని నన్ను అడిగారు. రెండు సాయంత్రాల పని అనుకుని ఒప్పుకున్నాను. మూడు వారాలు పట్టింది.

తప్పు నాదే. పాత కోడులో ఒక్కో లైనుకు కొత్తదానిలో సాటి లైను వెతుక్కుంటూ కూర్చున్నాను. అలా కుదరదు. ఫ్లాష్ ఉన్నప్పుడు కెమెరా తెరవడం, అనుమతి అడగడం, సైజు కుదించడం, సర్వర్‌కు పంపడం అన్నీ ఆ ప్లగినే చూసుకునేది. ఫైలు సర్వర్‌లో తయారయ్యేది. ఇప్పటి బ్రౌజర్ ఇవన్నీ విడివిడి భాగాలుగా చేతికిస్తుంది, బిగించుకునే పని మనదే. ఏ పని ఎవరి నెత్తిన పడిందో ముందు తేల్చుకుంటే కోడు రాయడం సులువు. అందుకే ఇక్కడ కోడు అతికించడం లేదు. ఏది ఎందుకో, ఎక్కడ దెబ్బ తింటామో చెబుతాను.

పాత ఇల్లు ఎలా ఉండేది

కెమెరా, మైకు వాడుకునే వీలు 2002లో మాక్రోమీడియా వారి ఫ్లాష్ ప్లేయర్ 6తో వచ్చింది. అడోబీ ఆ కంపెనీని కొన్నది తర్వాత, 2005లో. దానికి జోడీగా ఫ్లాష్ కమ్యూనికేషన్ సర్వర్ ఉండేది. రెండింటి మధ్య ఆర్‌టీఎంపీ అనే ప్రోటోకాల్, 1935 నంబరు పోర్టు మీద. పేజీలోని ఫ్లాష్ ముక్క సర్వర్‌కు కనెక్ట్ అయ్యి, కెమెరాను, మైకును ఆ లైనుకు తగిలించి, రికార్డు చెయ్యమని చెబితే చాలు. అవతల ఎఫ్‌ఎల్‌వీ ఫైలు దానంతట అదే రాసుకుంటూ పోయేది.

కెమెరాకు మనం ఏమీ చెప్పకపోతే 160 బై 120 సైజు, సెకనుకు 15 ఫ్రేములు, సెకనుకు 16,384 బైట్ల పరిమితి. అంటే నిమిషం వీడియో ఒక మెగాబైటు కూడా దాటదు. డయలప్, తొలినాటి బ్రాడ్‌బ్యాండ్ రోజులకు అది సరిపోయింది. వీడియోకు సోరెన్సన్ స్పార్క్, గొంతుకు నెల్లీమోజర్ కోడెక్‌లు, అంటే సైజు కుదించే పద్ధతులు. 2008లో వచ్చిన వెర్షన్ 10లో గొంతుకు స్పీక్స్ అనే ఇంకో కోడెక్ చేరింది. కెమెరా వీడియోను హెచ్.264లో కుదించే శక్తి 2011లో వెర్షన్ 11తో గానీ రాలేదు.

ఆ సర్వర్ పద్ధతిలో ఒక సుగుణం, ఒక దుర్గుణం ఉన్నాయి. రికార్డు అవుతున్నంతసేపూ బొమ్మ, శబ్దం సర్వర్‌కు చేరుతూనే ఉంటాయి కాబట్టి మధ్యలో బ్రౌజర్ మూసుకుపోయినా అప్పటిదాకా చేరింది పోదు. కానీ నెట్ నెమ్మదిస్తే శబ్దం తెగిపోయేది. మా సైటులో పాత రికార్డింగుల్లో కొన్ని పద్యాలకు మూడో పాదమే ఉండదు. పిల్లవాడు చదివాడు, దారిలో పోయింది.

మిగతా పాతవాటి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ సిల్వర్‌లైట్‌కు 2010లో నాలుగో వెర్షన్‌తో కెమెరా, మైకు వచ్చాయి. 2021 అక్టోబర్‌లో దాని సపోర్ట్ ముగిసింది. జావా యాప్లెట్లు, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో నడిచే యాక్టివ్ఎక్స్ కంట్రోళ్ళు ఆఫీసు సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ కనిపించేవి. ఈ ప్లగిన్లలో చాలావాటికి ఆధారమైన ఎన్‌పీఏపీఐ అనే తలుపును క్రోమ్ 2015 సెప్టెంబర్‌లో 45వ వెర్షన్‌తో మూసేసింది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో 52వ వెర్షన్‌తో ఫ్లాష్‌ను మాత్రం మినహాయించి మిగతావాటికి మూసింది. ఇక ఐఫోన్‌లో ఫ్లాష్ ఎప్పుడూ లేదు. నా లెక్కలో ఫ్లాష్‌కు అసలు దెబ్బ అక్కడే తగిలింది. పిల్లల చేతికి ఫోను వచ్చాక ప్లగిన్ ఉన్న కంప్యూటర్ ముందు ఎవరు కూర్చుంటారు?

మధ్యతరం కోడు: ఎక్కువ మోసం చేసేది ఇదే

వెబ్‌లో సలహా వెతికితే ఫ్లాష్ కోడు తగిలే అవకాశం ఇప్పుడు తక్కువ. తగిలేదల్లా 2012 నుంచి 2016 మధ్య రాసిన కోడు. చూడటానికి కొత్తగానే ఉంటుంది, నడపబోతే నడవదు. 2012లో ఒపెరా 12, క్రోమ్ 21 కెమెరా, మైకు తెరిచే గెట్‌యూజర్‌మీడియా అనే ఫంక్షన్‌ను ప్లగిన్ లేకుండా అందించాయి. అప్పుడది నేరుగా నావిగేటర్ అనే బ్రౌజర్ వస్తువు కింద ఉండేది. క్రోమ్‌లో ముందు వెబ్‌కిట్ అనీ, ఫైర్‌ఫాక్స్‌లో మోజ్ అనీ తోక తగిలించాలి, సఫలమైతే ఒక ఫంక్షన్, విఫలమైతే ఇంకొకటి ఇవ్వాలి.

ఈ తరం కోడును గుర్తుపట్టడానికి నాలుగు ఆనవాళ్ళు చూడండి. ఒకటి, ఆ తోకలు. రెండు, కెమెరా స్ట్రీమును (ఆగకుండా వచ్చే బొమ్మ, శబ్దాల ప్రవాహాన్ని) క్రియేట్‌ఆబ్జెక్ట్‌యూఆర్‌ఎల్‌తో అడ్రసుగా మార్చి వీడియో ట్యాగుకు ఇవ్వడం. దీన్ని బ్రౌజర్లు తీసేశాయి, ఇప్పుడు ఎస్ఆర్‌సీఆబ్జెక్ట్‌కు నేరుగా స్ట్రీమును అప్పగించాలి. మూడు, స్ట్రీము మీదే స్టాప్ పిలవడం. ఇప్పుడు అందులోని బొమ్మ, శబ్దం ఒక్కో ట్రాకునూ విడిగా ఆపాలి. నాలుగు, గొంతు రికార్డింగుకు స్క్రిప్ట్‌ప్రాసెసర్ వాడి వేవ్ ఫైలు తయారుచేయడం. ఇది ఇంకా నడవవచ్చు కానీ దాన్ని వదిలించుకోమని ప్రమాణాలు చెప్పి చాలా కాలమైంది, బదులుగా ఆడియోవర్క్‌లెట్ ఉంది. పైగా వేవ్ ఫైలు బరువు మామూలుగా ఉండదు. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, స్టీరియో అయితే నిమిషానికి పది మెగాబైట్ల పైమాట. నాలుగు పాదాల పద్యానికి అంత బరువు అక్కర్లేదు.

ఈ నాలుగిట్లో ఏ ఒక్కటి కనిపించినా ఆ వ్యాసం మూసేసి ఇంకోటి చూసుకోండి. నేను నష్టపోయిన మూడు వారాల్లో ఒక వారం ఇక్కడే పోయింది.

మొదటి అడుగు: మీకు నిజంగా ఏం కావాలి?

పాత పేజీ ఏం చేసేదో కాగితం మీద రాసుకోండి. చాలామందికి మూడు దారుల్లో ఒకటి సరిపోతుంది.

వినియోగదారుడు ఫోనులో ఒక ఫొటోనో చిన్న వీడియోనో తీసి పంపితే చాలు అనుకుంటే గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? మామూలు ఫైల్ ఇన్‌పుట్ పెట్టి, ఏ రకం ఫైలు కావాలో యాక్సెప్ట్‌లో చెప్పి, క్యాప్చర్ అనే ఆట్రిబ్యూట్ తగిలించండి. ఫోను తన సొంత కెమెరా యాప్ తెరుస్తుంది. పర్మిషన్ కోడు, ప్రివ్యూ కోడు ఏదీ రాయనక్కర్లేదు. డెస్క్‌టాప్‌లో అది మామూలుగా ఫైలు ఎంచుకునే కిటికీ అవుతుంది. బ్యాంకు పత్రాలు, ఫిర్యాదుకు ఫొటో లాంటి వాటికి ఇంతకన్నా మంచి దారి లేదు, అయినా ఎందుకో జనం దీన్ని మర్చిపోతుంటారు.

పేజీలోనే రికార్డు చేసి, విని చూసుకుని పంపాలంటే గెట్‌యూజర్‌మీడియా, వచ్చిన స్ట్రీమును ఫైలుగా రాసే మీడియారికార్డర్ కలిపి వాడాలి. మా పద్యాల పేజీకి ఇదే దారి. కింద ఎక్కువగా దీని గురించే.

అవతలి మనిషి అప్పటికప్పుడు చూడాలి, మాట్లాడాలి అంటే బ్రౌజర్ల మధ్య లైవ్ మాటామంతీకి వాడే వెబ్‌ఆర్‌టీసీ. 2010లో జీఐపీఎస్ అనే కంపెనీని కొన్న గూగుల్, ఆ టెక్నాలజీని 2011లో ఓపెన్ సోర్స్ చేసింది. 2021 జనవరిలో వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ దాన్ని అధికారిక ప్రమాణంగా ప్రకటించింది. కానీ దానికి ఇద్దరినీ కలిపే సిగ్నలింగ్ సర్వర్ కావాలి, ఫైర్‌వాల్ వెనకున్న వాళ్ళ కోసం నడుమ నిలబడి డేటా అందించే టర్న్ సర్వర్ కావాలి. పంపి తర్వాత వినే రికార్డింగ్ కోసం ఈ సరంజామా తలకెత్తుకోకండి. ఫ్లాష్‌లో లైవ్ సర్వర్ ఉండేది కాబట్టి ఇక్కడా లైవే కావాలనుకున్నాను. అది నా రెండో వారం.

ఆర్‌టీఎంపీ మాత్రం ఫ్లాష్‌తో పాటు చచ్చిపోలేదు. ఓబీఎస్ లాంటి సాఫ్ట్‌వేర్ నుంచి యూట్యూబ్ లైవ్‌కు పంపేటప్పుడు ఇప్పటికీ ఎక్కువగా అదే వాడతారు. ఊళ్ళో జాతర లైవ్ పెట్టే కుర్రాళ్ళకు ఆ పేరు బాగా తెలుసు. బ్రౌజర్ మాత్రం దాన్ని నేరుగా మాట్లాడదు.

రెండో అడుగు: హెచ్‌టీటీపీఎస్

పేజీ సురక్షితమైన అడ్రసు మీద లేకపోతే కెమెరా రాదు. క్రోమ్ 47వ వెర్షన్ నుంచి ఈ నియమం పెట్టింది, మిగతావీ అదే దారి పట్టాయి. మామూలు హెచ్‌టీటీపీ పేజీలో మీడియాడివైసెస్ అనే వస్తువే కనబడదు, అందుకే ఎర్రర్ కూడా "నిర్వచించలేదు" అన్నట్టు వస్తుంది. పర్మిషన్ లోపమనుకుని అక్కడ వెతకడం వృథా.

సొంత కంప్యూటర్‌లో లోకల్‌హోస్ట్‌కు మినహాయింపు ఉంది. చిక్కు ఫోనులో వస్తుంది. అదే వైఫై మీద 192.168తో మొదలయ్యే అడ్రసు కొట్టి తెరిస్తే అది లోకల్‌హోస్ట్ కాదు, కాబట్టి కెమెరా లేదు. ఆండ్రాయిడ్ అయితే యూఎస్‌బీ వైరు తగిలించి క్రోమ్ డెవలపర్ టూల్స్‌లోని పోర్ట్ ఫార్వర్డింగ్ వాడండి, అప్పుడు ఫోను కూడా లోకల్‌హోస్ట్ అనుకుంటుంది. ఐఫోన్‌కైతే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఉచిత సర్టిఫికెట్‌తో ఒక పరీక్ష డొమైన్ పెట్టుకోవడం సుఖం.

రికార్డర్‌ను ఇంకో సైటు పేజీలో ఐఫ్రేమ్‌గా, అంటే పేజీలో పేజీగా పెడుతుంటే, ఆ ఐఫ్రేమ్ ట్యాగులో అలౌ అని రాసి కెమెరా, మైక్రోఫోన్ పేర్లు ఇవ్వాలి. ఇది మర్చిపోతే సొంత పేజీలో అన్నీ బాగుంటాయి, అతికించిన చోట మాత్రం అనుమతి అడగకుండానే తిరస్కరణ వస్తుంది.

మూడో అడుగు: అనుమతి అడగడం

ఫ్లాష్‌లో అనుమతి పెట్టె పేజీ లోపలే, ఫ్లాష్ ముక్క మీదే కనబడేది. ఆ ముక్క కనీసం 215 బై 138 పిక్సెళ్ళు లేకపోతే పెట్టె కనబడదు, రికార్డింగ్ మొదలవదు. ఇంతకన్నా పెద్ద లోపం 2008లో బయటపడింది. ఫ్లాష్ సెట్టింగుల పేజీని కంటికి కనబడని ఫ్రేములో పెట్టి, పైన ఆట లాంటిది చూపించి, ఆడేవాడి క్లిక్కులతోనే కెమెరాకు అనుమతి ఇప్పించవచ్చని చూపించారు. క్లిక్‌జాకింగ్ అనే మాట అప్పుడే పుట్టింది. ఇప్పుడు అనుమతి అడిగే పెట్టెను పేజీ కాక బ్రౌజర్ గీస్తుంది. దాని రంగు, అందులోని మాటలు మనం మార్చలేకపోవడం వెనక ఉన్న కథ ఇది.

అందుకని మన వంతుగా చేయగలిగింది ఒకటే: సరైన వేళకు అడగడం. పేజీ తెరవగానే అడగకండి. "రికార్డు మొదలుపెట్టు" బటన్ నొక్కాక, ఎందుకు అడుగుతున్నామో ఒక్క లైనులో తెలుగులో చెప్పి అప్పుడు గెట్‌యూజర్‌మీడియాను పిలవండి. క్రోమ్‌లో ఆ పెట్టెను జవాబివ్వకుండా మాటిమాటికీ మూసేస్తే, కొన్నాళ్ళపాటు అడగడమే మానేస్తుంది. గొంతే కావాల్సిన చోట కెమెరా కూడా అడగకండి. ఇంట్లో వాళ్ళకు అనవసరంగా టెన్షన్.

తిరస్కరణ వస్తే ఎర్రర్ పేరు చూడండి, ఒక్కోదానికి ఒక్కో మాట చెప్పాలి. నాట్‌అలౌడ్ అంటే మనిషి వద్దన్నాడు, లేదా మ్యాక్, విండోస్ సెట్టింగుల్లో ఆ బ్రౌజర్‌కు కెమెరా ఆపేసి ఉంది. నాట్‌ఫౌండ్ అంటే పరికరమే లేదు. నాట్‌రీడబుల్ అంటే పరికరం ఉంది, తెరుచుకోలేదు. విండోస్‌లో జూమ్ లాంటిది కెమెరాను పట్టుకుని కూర్చున్నప్పుడు ఇది తరచూ వస్తుంది. ఓవర్‌కన్‌స్ట్రెయిన్డ్ అంటే మనం అడిగిన కొలత ఆ కెమెరాకు లేదు. నాలుగిటికీ కలిపి "ఏదో పొరపాటు జరిగింది" అని చూపిస్తే ఫోను కాల్స్ మీకే వస్తాయి.

నాలుగో అడుగు: ఎలాంటి శబ్దం, ఎంత బొమ్మ

ఫ్లాష్‌లో సైజు అడిగితే కెమెరాకు దగ్గరగా ఉన్నదేదో ఇచ్చి ఊరుకునేది. కొత్తదానిలో ఐడియల్ అని అడిగితే అలాగే సర్దుకుంటుంది. ఎగ్జాక్ట్ అని అడిగితే లేనప్పుడు మొండికేస్తుంది. వెనక కెమెరా కావాలని ఎగ్జాక్ట్‌గా అడిగి, ల్యాప్‌టాప్‌లో పరీక్షించి, కెమెరా పాడైందనుకున్నవాళ్ళు నాకు తెలుసు. పరికరాల జాబితా చూపించాలంటే ముందు అనుమతి తీసుకోండి, అంతకు ముందు ఎన్యూమరేట్‌డివైసెస్ పేర్లు ఖాళీగా ఇస్తుంది.

శబ్దం దగ్గర కాస్త ఆగాలి. ఫ్లాష్‌లో ప్రతిధ్వనిని పూర్తిగా తీసేసే మైకు 2011లో వెర్షన్ 10.3తో గానీ రాలేదు. ఇప్పటి బ్రౌజర్లలో ప్రతిధ్వని తీసేయడం, రొద తగ్గించడం, గొంతు స్థాయిని సర్దడం, ఈ మూడూ మాటల కోసం సాధారణంగా ఆన్ అయ్యే ఉంటాయి. పద్యం చదవడానికి, ఉపన్యాసానికి ఇవి వరమే. సంగీతానికి శాపం. రొద తగ్గించే ప్రోగ్రాం మార్పు లేకుండా మోగే శబ్దాన్ని ఫ్యాను చప్పుడుగా లెక్కేస్తుంది. మరి తంబురా, శ్రుతి పెట్టె చేసేది అదే కదా. ఆన్‌లైన్ కర్ణాటక సంగీతం క్లాసుల్లో పిల్ల పాడుతుంటే శ్రుతి వస్తూ పోతూ ఉండటానికి కారణం తరచూ ఇదే. మృదంగం దెబ్బకు స్థాయి సర్దుబాటు గొంతునంతా కిందికి నొక్కేస్తుంది. సంగీతం రికార్డు చేసే పేజీ అయితే ఎకోక్యాన్సలేషన్, నాయిస్‌సప్రెషన్, ఆటోగెయిన్‌కంట్రోల్ మూడింటికీ ఫాల్స్ ఇవ్వండి, ఇయర్‌ఫోన్ పెట్టుకోమని చెప్పండి. వైరున్న ఇయర్‌ఫోన్ అయితే మేలు. చాలా బ్లూటూత్ హెడ్‌సెట్లు మైకు తెరవగానే ఫోన్ కాల్ పద్ధతికి మారిపోయి, రావడం పోవడం రెండూ నాసిరకంగా తయారవుతాయి.

ఐదో అడుగు: ప్రివ్యూ

త్వరగా అయిపోయే పని. స్ట్రీమును వీడియో ట్యాగు ఎస్ఆర్‌సీఆబ్జెక్ట్‌కు ఇవ్వండి, మ్యూటెడ్, ఆటోప్లే, ప్లేస్‌ఇన్‌లైన్ మూడూ పెట్టండి. మ్యూట్ చేయకపోతే స్పీకర్ శబ్దం మైకులోకి వెళ్ళి ఈలవేస్తుంది. ప్లేస్‌ఇన్‌లైన్ లేకపోతే ఐఫోన్‌లో వీడియో తెరంతా ఆక్రమిస్తుంది. ముందు కెమెరా బొమ్మను అద్దంలోలా తిప్పి చూపించండి, రికార్డయ్యేది మాత్రం తిప్పకండి. గొంతు మాత్రమే అయితే వెబ్ ఆడియోలోని ఎనలైజర్‌తో చిన్న మీటరు గీయండి. మైకు పనిచేస్తోందని కళ్ళకు కనబడితే పిల్లలు "వినబడుతోందా" అని పదిసార్లు అడగరు.

ఆరో అడుగు: రికార్డు చేయడం

మీడియారికార్డర్ ఫైర్‌ఫాక్స్‌లో 2013లోనే మొదలైంది, క్రోమ్‌లో గొంతుతో సహా 2016లో వచ్చింది. సఫారీకి 2021 ఏప్రిల్‌లో 14.1 వెర్షన్‌తో వచ్చింది. అంతకు ముందటి ఐఫోన్లలో ఇది లేదు, వాటికి మొదటి అడుగులో చెప్పిన ఫైల్ ఇన్‌పుట్టే గతి. ఐఫోన్‌లో పెట్టుకున్న క్రోమ్ కూడా లోపల సఫారీ ఇంజనే, పేరు చూసి మోసపోకండి.

ఫ్లాష్‌లో అందరికీ ఒకే ఎఫ్‌ఎల్‌వీ. ఇక్కడ బ్రౌజర్‌ను బట్టి ఫైలు మారుతుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ సంప్రదాయంగా వెబ్‌ఎం ఇస్తాయి, అందులో గొంతుకు ఓపస్ కోడెక్. సఫారీ ఎంపీ4 ఇస్తూ వచ్చింది. ఇటీవలి వెర్షన్లలో ఈ గీత చెరిగిపోతోంది కాబట్టి బ్రౌజర్ పేరు చూసి నిర్ణయించకండి. మీకు ఇష్టమైన రకాలను వరసగా ఇజ్‌టైప్‌సపోర్టెడ్‌తో అడిగి, మొదట అవునన్నదాన్ని వాడండి. రికార్డర్ తన మైమ్‌టైప్‌లో చెప్పిన దాన్నే సర్వర్‌కు కూడా పంపండి. లోపల ఎంపీ4 ఉంటే పేరు చివర డాట్ వెబ్‌ఎం పెట్టిన ఫైళ్ళు నేను ఒక ఫోల్డర్ నిండా తయారుచేశాను.

బిట్‌రేట్ మీరే చెప్పండి. ఓపస్‌లో 64 కిలోబిట్లు గొంతుకు ధారాళం, నిమిషానికి 480 కిలోబైట్లు. వీడియోకు ఒక మెగాబిట్ ఇస్తే నిమిషానికి ఏడున్నర మెగాబైట్లు, రెండున్నర మెగాబిట్లు ఇస్తే దాదాపు 19. పల్లెల్లో మొబైల్ నెట్ మీద అప్‌లోడ్ చేసేవాళ్ళను తలుచుకుని ఆ అంకె పెట్టండి.

స్టార్ట్ పిలిచేటప్పుడు ఒక కాలవ్యవధి ఇవ్వండి, ఐదు సెకన్లు అనుకుందాం. సుమారుగా అంతంత సేపటికి డేటాఅవైలబుల్ అనే ఈవెంటుతో ఒక ముక్క చేతికొస్తుంది. వ్యవధి ఇవ్వకపోతే మొత్తం చివర్లో ఒకేసారి వస్తుంది, ఈలోగా ట్యాబ్ మూసుకుపోతే అంతా పోయినట్టే. ఒక సంగతి గుర్తుంచుకోండి: ఈ ముక్కలు విడివిడిగా మోగవు. ఫైలు తలకాయ మొదటి ముక్కలోనే ఉంటుంది. క్రమం తప్పకుండా కలిపితేనే ఫైలు అవుతుంది.

ఆపాక స్ట్రీములోని ప్రతి ట్రాకునూ ఆపండి. రికార్డర్‌ను ఆపినంత మాత్రాన కెమెరా లైటు ఆరదు. లైటు వెలుగుతూ ఉంటే తల్లిదండ్రులు ఆ సైటును ఇంకోసారి తెరవరు, తెరవకూడదు కూడా.

ఏడో అడుగు: సర్వర్‌కు చేర్చడం

ఇల్లలకగానే పండగ కాదు. ఫ్లాష్‌లో అప్‌లోడ్ అనే పనే లేదు, ఇక్కడ అదే అసలు పని. నేను చివరికి కుదుర్చుకున్న పద్ధతి ఇది. ప్రతి ముక్కకూ వరస నంబరు ఇచ్చి ముందు బ్రౌజర్‌లోని ఇండెక్స్డ్‌డీబీలో దాస్తాను. వెనకాలే ఒక్కో ముక్కా ఫెచ్‌తో సర్వర్‌కు వెళ్తుంది. అందిందని సర్వర్ చెప్పాకే దాచిన ముక్కను చెరిపేస్తాను. నెట్ పోతే కాసేపాగి మళ్ళీ పంపుతాను. మనిషి పేజీ మూసి రేపు తెరిచినా, "నిన్నటి పద్యం పంపడం మిగిలి ఉంది, పంపమంటారా?" అని అడగవచ్చు.

ఫ్లాష్‌లోని మంచి గుణం దీంతో తిరిగి వస్తుంది, చెడ్డ గుణం పోతుంది. నెట్ ఎంత నెమ్మదైనా రికార్డింగ్ నాణ్యత తగ్గదు, చేరడం మాత్రం ఆలస్యమవుతుంది. మూడో పాదం ఇప్పుడు మాయం కావడం లేదు.

సర్వర్‌లో ముక్కలు కలిపాక, ఆడియో, వీడియో ఫైళ్ళను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ నడపండి. క్రోమ్ ఇచ్చిన వెబ్‌ఎం ఫైలులో మొత్తం నిడివి రాసి ఉండకపోవడం మామూలే. రికార్డవుతున్నప్పుడే రాసుకుంటూ పోయే ఫైలుకు తన పొడవు ముందుగా ఎలా తెలుస్తుంది? ప్లేయర్‌లో జరపడానికి గీత కదలదు, నిడివి అనంతం అని చూపిస్తుంది. కోడెక్ మార్చకుండా కాపీ పద్ధతిలో ఒకసారి తిరగరాస్తే సరిపోతుంది. అన్ని ఫోన్లలోనూ మోగాలంటే ఎంపీ4, ఏఏసీగా ఒక ప్రతి చేసి పెట్టుకోండి.

ఎనిమిదో అడుగు: ఫోనులో పరీక్ష

డెస్క్‌టాప్‌లో నడిచింది కదా అని వదిలేయకండి. రికార్డు మధ్యలో ఇంకో ఫోను నుంచి కాల్ చేసి చూడండి. మైకు ట్రాకు మ్యూట్ అయిందన్న ఈవెంట్ రావచ్చు, లేదా ట్రాకే ముగిసిపోవచ్చు. రెండింటికీ కోడు ఉండాలి, లేకపోతే నిశ్శబ్దం రికార్డవుతుంది. స్క్రీన్ ఆరిపోకుండా వేక్ లాక్ వాడండి. పాత ఫోన్లలో అది ఉండకపోవచ్చు, లేకపోయినా పేజీ ఆగకుండా చూసుకోండి.

సోషల్ మీడియా యాప్‌లలో లింకు నొక్కితే చాలాసార్లు ఆ యాప్ లోపలి బ్రౌజర్ తెరుచుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో వెబ్‌వ్యూ అనే ఆ లోపలి బ్రౌజర్ కెమెరా ఇవ్వాలంటే ఆ యాప్ రాసినవాళ్ళు అనుమతి అభ్యర్థనను అందుకునే కోడు పెట్టి ఉండాలి. పెట్టకపోతే మీరేం చేసినా రాదు. "క్రోమ్‌లో గానీ సఫారీలో గానీ తెరవండి" అనే మాట, పక్కనే లింకు కాపీ చేసుకునే బటన్ పెట్టండి. మా పేజీకి వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క లైనుతో ఆగిపోయాయి.

చివరి అడుగు: పాత రికార్డింగులు

కొత్త పేజీ తెరిచాక పాత సర్వర్‌ను ఆపేయాలన్న తొందర ఉంటుంది. అందులో ఎఫ్‌ఎల్‌వీ ఫైళ్ళు ఉన్నాయేమో ముందు చూడండి. సోరెన్సన్ స్పార్క్, నెల్లీమోజర్, స్పీక్స్ అన్నిటినీ ఎఫ్ఎఫ్ఎంపెగ్ చదవగలదు, కాబట్టి ఎంపీ4లోకి మార్చడం పెద్ద పని కాదు. 160 బై 120 బొమ్మను సాగదీసి పెద్దది చేయకండి, ఉన్న సైజులోనే ఉంచండి. పాత ఫైళ్ళు చెరిపే ముందు మార్చినవాటి నిడివిని వాటితో పోల్చి చూడండి. కనెక్షన్ మధ్యలో తెగిన ఫైళ్ళలో తలకాయలో రాసిన నిడివి ఒకటి, నిజంగా ఉన్నది ఇంకొకటి కావచ్చు. అలాంటివి మాకు కొన్ని దొరికాయి. వాటిని విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టి జాబితా మాస్టారికి పంపాను. మూడో పాదం లేని పద్యాలన్నీ ఆ జాబితాలోనే ఉన్నాయి.